కోతి దవడ, కొండముచ్చు దవడ



తిరుమల మెట్ల దారిలో గానీ, శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద గానీ కోతి చేతికి చిక్కిన కొబ్బరిచిప్ప ఏమవుతుందో మీకు తెలుసు. అది అక్కడే కూర్చుని తీరిగ్గా తినదు. గబగబా కొరికి రెండు బుగ్గల్లోనూ కుక్కుకుంటుంది. ఆ బుగ్గల లోపల దానికి సంచులుంటాయి. అవి నిండాక ఎవరూ రాని కొమ్మ చూసుకుని ఎక్కి, చేతి వెనకవైపుతో బుగ్గను బయటినుంచి నొక్కుకుంటూ, దాచిందంతా కొంచెం కొంచెంగా దవడల మధ్యకి తెచ్చుకుని నములుతుంది.

కొండముచ్చు తీరు వేరు. తెలంగాణలో దీన్ని కొండెంగ అంటారు. నల్లటి మొహం, బూడిదరంగు ఒళ్లు, బారెడు తోక. చింతచెట్టు ఎక్కిందంటే ఇక అక్కడే మకాం. కొమ్మ వంచుతుంది, ఆకు దూస్తుంది, నోట్లో పెట్టుకుని నములుతుంది, మళ్లీ వంచుతుంది. బుగ్గ సంచులూ లేవు, తొందరా లేదు. గంటల తరబడి అదే పని.

ఈ రెండు నోళ్లూ తెరిచి లెక్కపెడితే మాత్రం పళ్లు సమానమే, 32. మనకీ అంతే. పైనా కిందా, కుడీ ఎడమా, ఒక్కో పక్క రెండు ముందు పళ్లు, ఒక కోర, రెండు చిన్న దవడ పళ్లు, మూడు పెద్ద దవడ పళ్లు. బళ్లో కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు అని బట్టీపట్టినవి ఇవే. ఆఫ్రికా, ఆసియా కోతులకీ, గొరిల్లాకీ, చింపాంజీకీ, మనకీ ఈ లెక్క ఒకటే. లెక్క వంశాన్ని బట్టి వస్తుంది, కోట్ల ఏళ్లు గడిచినా అంత సులువుగా మారదు. ఒక్కో పన్ను ఆకారం, దాని మీది పింగాణి పొర మందం, అది అరిగే తీరు మాత్రం తిండిని బట్టి, ఉండే చోటుని బట్టి మారుతూ వచ్చాయి. కోతులు, తోకలేని పెద్ద వానరాలు, మన దేవాంగపిల్లి, మనమూ కలిసిన ఈ కుటుంబాన్ని శాస్త్రజ్ఞులు ప్రైమేట్లు అంటారు. ఇవాళ్టి ప్రసంగం ఆ కుటుంబం పళ్ల గురించి.

నేను చెప్పదలుచుకున్న మాట ముందే చెప్పేస్తాను. ఏ జంతువు పన్నైనా అది ఇష్టంగా తినే తిండికి తగ్గట్టు ఉంటుందని మనం అనుకుంటాం. ప్రతిసారీ అది నిజం కాదు. ఇష్టమైనది దొరకని రోజుల్లో తినక తప్పని తిండి ఒకటుంటుంది. కొన్నిసార్లు పన్నుని చెక్కేది ఆ కరువు తిండే.

అయితే ముందు మామూలు రోజుల సంగతి చూద్దాం. కోతికీ కొండముచ్చుకీ కూడా పెద్ద దవడ పన్ను మీద నాలుగు మొనలుంటాయి. ముందు రెంటినీ కలుపుతూ అడ్డంగా ఒక గట్టు, వెనక రెంటినీ కలుపుతూ ఇంకో గట్టు, నడుమ పల్లం. ఇంతవరకూ ఇద్దరికీ ఒకే నమూనా. కోతి పంట్లో ఆ మొనలు పొట్టిగా, గుండ్రంగా ఉంటాయి. కొండముచ్చు పంట్లో అవి ఎత్తుగా ఉంటాయి, గట్టు అంచు పదునుగా ఉంటుంది, పల్లం లోతుగా ఉంటుంది. పై పన్ను గట్టు కింది పన్ను పల్లంలోకి దిగినప్పుడు రెండు అంచులు ఒకదాన్నొకటి రాసుకుంటూ జారతాయి. ఒక్క మాటలో, కోతి నోట్లో ఉన్నది రోలు, కొండముచ్చు నోట్లో ఉన్నది అడకత్తెర.

ఎందుకీ తేడా? పండు మెత్తన, నలిపితే చాలు రసం వస్తుంది. గింజ గట్టిది, పగలగొడితే పగులుతుంది. ఆకు రెండూ కాదు. నలిపితే నలుగుతుందే గానీ విడిపోదు, ఈనెలు పట్టుకునే ఉంటాయి. దాన్ని కోయాలి, అదీ సన్నగా కోయాలి. కొండముచ్చు పొట్టలో అరలు అరలుగా గదులున్నాయి. ముందు గదుల్లో కాపురముండే సూక్ష్మజీవులు ఆకుని పులియబెట్టి అరిగిస్తాయి. ముక్క ఎంత చిన్నదైతే వాటికి అంత పని సులువు. అంటే ఆ పంటి పదును నోటి కోసమే కాదు, పొట్ట కోసం కూడా.

ముందు పళ్ల సంగతి ఇంకా తేలిక. మామిడికాయంత కాయని తొక్క ఊడదీసి, గాటు పెట్టి తినాలంటే ముందు పళ్లు వెడల్పుగా ఉండాలి. కోతికీ చింపాంజీకీ అలాగే ఉంటాయి. ఆకులు కోసుకు తినేవాటికి అంత వెడల్పు అక్కర్లేదు, చెయ్యే తెంపి పెడుతుంది. కాబట్టి వాటికి సన్నవి.

పింగాణి దగ్గర కాసేపు ఆగుదాం. మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం అదే. బరువులో నూటికి 96 వంతుల దాకా ఖనిజమే. పన్ను చిగురులోంచి బయటికి వచ్చేలోపే, దాన్ని పోసిన కణాలు పని ముగించి అంతరించిపోతాయి. ఎముక విరిగితే అతుక్కుంటుంది, తోలు తెగితే మానుతుంది. పింగాణి అరిగితే అరిగిందే. అందుకని ఈ పొర ఎంత మందంగా ఉండాలన్నది ఆయుష్షుకి సంబంధించిన లెక్క. గింజలు పగలగొట్టేవాడికి మందంగా కావాలి. ఆకులు తినేవాడికి మాత్రం పలచగా ఉంటేనే మంచిది. ఇది వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ సంగతి ఇదీ: మొన మీది పలచటి పింగాణి కొన్నాళ్లకే అరిగి, లోపలి మెత్తటి డెంటిన్ బయటపడుతుంది. డెంటిన్ తొందరగా గుంటపడుతుంది, దాని చుట్టూ పింగాణి అంచు నిక్కి నిలబడుతుంది. అరిగేకొద్దీ కొత్త అంచులు వస్తాయి. గొరిల్లా పెద్ద దవడ పళ్లు ఇలాంటివే. అంత బలశాలికి పింగాణి పలచన కావడానికి కారణం అది పొద్దస్తమానం ఆకూ కాడా నమలడమే.

ఇక కోర. కోర చూడగానే మాంసం గుర్తొస్తుంది మనకి. కుక్క, పులి నోళ్లు చూసి అలవాటైన ఊహ అది. ప్రైమేట్లలో కోరకీ తిండికీ సంబంధం చాలా తక్కువ. మగకోతి మీ వైపు చూస్తూ తీరిగ్గా ఆవలిస్తే దానికి నిద్ర వస్తోందనుకోకండి. అది కోరలు చూపిస్తోంది. పై కోర వెనక అంచు, కింద దవడలో దాని పక్కనే ఉన్న చిన్న దవడ పంటికి రాసుకుంటూ నోరు మూసిన ప్రతిసారీ పదునెక్కుతుంది. ఆడకోతికి కోర చాలా చిన్నది. మగవాళ్ల మధ్య పోటీ ఎక్కువున్న జాతుల్లో ఈ తేడా బాగా పెద్దది. ఆడా మగా జంటగా బతుకుతూ ఇద్దరూ కలిసి తమ చోటుని కాపాడుకునే గిబ్బన్లలో ఇద్దరికీ పొడవాటి కోరలే. కోర చెప్పేది వంటింటి సంగతి కాదు, సంసారం సంగతి. దీన్ని కొంచెం గుర్తుపెట్టుకోండి, ఒక పెద్ద పొరపాటు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

శేషాచలం అడవుల్లో రాత్రిపూట తిరిగే దేవాంగపిల్లి కూడా మన బంధువే. పిల్లి అన్నామన్న మాటే గానీ అది ప్రైమేటు. అరచేతిలో ఇమిడే ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లు చేతులు, మొహమంతా కళ్లు. దానికి పళ్లు 36. కింది దవడలో ముందున్న ఆరు పళ్లూ సన్నగా, పొడుగ్గా, ఒకదాన్నొకటి ఆనుకుని ముందుకి వాలి ఉంటాయి. నాలుగు ముందు పళ్లు, రెండు కోరలు కలిసి దువ్వెన అయిపోయాయన్నమాట. శాస్త్రంలో దాని పేరే దంత దువ్వెన. దాంతో బొచ్చు దువ్వుకుంటుంది. పళ్ల సందుల్లో ఇరుక్కున్న వెంట్రుకలు తియ్యడానికి నాలుక కింద ఇంకో చిన్న గట్టి నాలుక ఉంది. వెనక దవడ పళ్ల మీద మాత్రం సూదుల్లా మొనలుంటాయి, ఎందుకంటే దాని ముఖ్యమైన తిండి పురుగులు, చీమలు. పెంకుపురుగు డొల్లని ఒక్కచోట పొడిచి పగలగొట్టాలి, నూరితే లాభం లేదు.

ఈ దువ్వెన మడగాస్కర్ లీమర్లకీ ఉంది. అదే దీవిలో ఉండే ఆయ్-ఆయ్ మాత్రం దారి తప్పింది. దాని ముందు పళ్లు ఎలుకకి లాగా బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. కోరలే లేవు, మొత్తం పళ్లు 18. చెట్టు బెరడు మీద వేలితో తట్టి చూసి, లోపల డొల్లగా ఉన్న చోట కొరికి బొక్క చేసి, పుల్లలాంటి వేలు దూర్చి పురుగుని లాక్కుంటుంది. ఆ పళ్లు చూసి 18వ శతాబ్దపు పండితులు దాన్ని ఉడుతల్లో కలిపేశారు. తప్పు వాళ్లది కాదు, పళ్లది. వేరు వేరు వంశాలు ఒకే పని చేస్తే ఒకేలాంటి పనిముట్టు తయారవుతుంది. పన్ను ఒక్కదాన్నే నమ్మితే ఇలాంటి ప్రమాదం ఉంది.

మన ప్రాంతపు దేవాంగపిల్లి శాస్త్రీయ నామంలో లైడెక్కర్ అనే పేరుంది. రిచర్డ్ లైడెక్కర్ ఇంగ్లీషు జీవశాస్త్రజ్ఞుడు, భారత భూగర్భ సర్వేలో పనిచేసినవాడు. ఆయనకి తెలుగు నేలతో ఇంకో లంకె ఉంది, అది ఇంతకన్నా గట్టిది.

బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. అప్పట్లో కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. సున్నపురాయి గుహలు. 1884, 1885లలో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ ఫూట్ అక్కడ తవ్వకాలు చేశారు. బయటపడిన ఎముకల్ని పరిశీలించి 1886లో వివరాలు అచ్చువేసినవాడు లైడెక్కర్. వాటిలో ఆయన ఒక బబూన్‌ని గుర్తించాడు. బబూన్లు ఇవాళ ఆఫ్రికాలోనూ, అరేబియా కొసనా తప్ప ఎక్కడా లేవు. మన దేశంలో అసలే లేవు. నూటపాతికేళ్ల తరవాత అంతర్జాతీయ బృందమొకటి మళ్లీ ఆ గుహలకి వచ్చి పొర పొరా తేదీలు కట్టింది. 2014లో వెలువడిన ఫలితం ఇది: లక్ష ఏళ్లకు పైబడిన ఆ పొరల్లో 21 రకాల జంతువుల్ని గుర్తిస్తే 20 రకాలు ఈనాటికీ ఈ ఉపఖండంలో ఏదో ఒకచోట బతికే ఉన్నాయి. మంచుయుగాలు వచ్చాయి పోయాయి, వానలు తగ్గాయి పెరిగాయి, మనిషి వచ్చాడు, అన్నిటినీ తట్టుకున్నాయి. పోయింది ఒక్కటి. అది బబూన్లకి బంధువైన గెలాడా అనే కోతికి దగ్గరి చుట్టం.

గెలాడాని ఇవాళ చూడాలంటే ఇథియోపియా వెళ్లాలి. సిమియెన్ పర్వతాల మీద, చెట్లు పలచబడిపోయిన ఎత్తుల్లో, పచ్చిక బయళ్ల మీద వందల సంఖ్యలో కూర్చుని కనిపిస్తాయి. కోతి జాతిలో గడ్డి మేసి బతుకుతున్నది ఇవాళ అదొక్కటే. పిర్రల మీద కూర్చుని రెండు చేతులతోనూ గడ్డిపరకలు గిల్లి, గుప్పెడు పోగయ్యాక నోట్లో పెట్టుకుంటుంది, కూర్చున్నచోటనుంచే కొంచెం ముందుకి జరుగుతుంది. కొరికే పని చేతులే చేస్తాయి కాబట్టి ముందు పళ్లు చిన్నవైపోయాయి. ఎండాకాలం పచ్చిక మాడిపోతే అవే చేతులతో నేల తవ్వి దుంపలూ వేర్లూ తింటుంది. ఇక పెద్ద దవడ పన్ను చూడండి. పింగాణి మడతలు మడతలుగా లోపలికి ముడుచుకుని ఉంటుంది, పన్ను బాగా ఎత్తు. అరిగేకొద్దీ మడతలు తేలి, కొత్త అంచులు బయటపడతాయి. మగవాటికి ఇంత పొడుగు కోరలున్నాయి, తినేది గడ్డి! కోర గురించి ఇందాక చెప్పిన మాటకి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఎత్తైన పన్ను ఎందుకు కావాలంటే, నేల మీది తిండి పన్నుని తినేస్తుంది. చెట్టు మీది చిగురాకుకి దుమ్ము తక్కువ. గడ్డిపరకకి మట్టి అంటుకుని ఉంటుంది, గడ్డి ఒంట్లోనే ఇసుకలాంటి సన్నటి సిలికా రేణువులుంటాయి. అరుగుదలకి ఎక్కువ కారణం దుమ్మా, ఆ రేణువులా అని శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కోతికి ఆ తేడాతో పనిలేదు, రెండూ ఒకే ముద్దలో వస్తాయి. ఒకే వంశంలో ఒకటి చెట్టు మీద ఉండిపోయి, ఒకటి పచ్చికలోకి దిగితే, ఏది దిగిందో దాని పన్ను ఎత్తు చూసి చెప్పొచ్చు. గెలాడా వంశంలో అంతరించిన జాతులు ఆఫ్రికాలో చాలా దొరికాయి, వాటి పళ్లూ గడ్డి సంగతే చెబుతాయి. బేతంచెర్ల సున్నపురాళ్ల మధ్య ఆ వంశపు కోతి కూర్చుని పరకలు గిల్లుకున్న కాలం ఒకటుండేదంటే నాకైతే ఆ దారిన పోయినప్పుడల్లా నేల వైపు చూడబుద్ధేస్తుంది.

గడ్డి అనగానే చెప్పుకోవలసిన కథ ఇంకొకటి టాంజానియాలో జరిగింది. 1959 జూలై 17. ఓల్డువాయ్ లోయలో శిలాజాలు వెతికే శాస్త్రజ్ఞుడు లూయీ లీకీ జ్వరంతో గుడారంలో పడుకున్నాడు. భార్య మేరీ లీకీ ఒక్కతే తిరుగుతూ, వాలులో మట్టిలోంచి పొడుచుకొచ్చిన పుర్రె ముక్కని, రెండు పళ్లని చూసింది. 17 లక్షల ఏళ్లకు పైబడిన పుర్రె అది. మనిషికి దూరపు చుట్టమైన ఆ జాతిని ఇప్పుడు పరాంత్రోపస్ బాయిసై అంటున్నారు. దవడ పళ్లు మనవాటికన్నా చాలా పెద్దవి, పింగాణి మహా మందం, దవడ కండరాలు పట్టుకోవడానికి నెత్తి మీద ఎముక గట్టు. అంత పెద్ద దవడతో ఇంకేం చేస్తాడు, గట్టి కాయలు పగలగొట్టి ఉంటాడని తీర్మానించి నట్‌క్రాకర్ మ్యాన్ అని ముద్దు పేరు పెట్టేశారు. దాదాపు యాభై ఏళ్లు పుస్తకాల్లో అదే చెల్లింది.

తరవాత పన్నుని సూక్ష్మదర్శిని కింద పెట్టడం వచ్చింది. గట్టి గింజ పగలగొడితే పింగాణి మీద గుంటలు పడతాయి. ఆకూ గడ్డీ నమిలితే గీతలు పడతాయి. ఇవి చచ్చిపోయేముందు కొద్ది రోజులో, వారాలో తిన్న తిండి గుర్తులు. 2008లో బాయిసై పళ్ల మీద ఈ గుర్తులు చూసి అచ్చువేశారు. గుంటలేవీ? సన్నటి గీతలే. ఆ పళ్లలో ఏ ఒక్కటీ కాయ పగలగొట్టిన జాడ చూపించలేదు.

2011లో ఇంకో దెబ్బ తగిలింది. దీనికి మన పొలాలే ఉదాహరణ. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు, మన బీళ్లలో మొలిచే గడ్డి, ఇవన్నీ గాలిలోని కార్బన్‌ని ఒక పద్ధతిలో పట్టుకుంటాయి. వరి, చెట్లు, పొదలు, పండ్ల మొక్కలది ఇంకో పద్ధతి. మొదటి గుంపులో బరువైన కార్బన్, అంటే కార్బన్-13, కాస్త ఎక్కువ పాలు ఉంటుంది. ఏ గుంపు తింటే ఆ పాలే పింగాణిలో చేరి, లక్షల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉంటుంది. కెన్యాలో దొరికిన బాయిసై పళ్లలోంచి చిటికెడు పొడి తీసి కొలిస్తే, తిండిలో 75 నుంచి 80 శాతం గడ్డి, తుంగ జాతి మొక్కల గుంపు నుంచే వచ్చిందని తేలింది. కాయలు పగలగొట్టేవాడనుకున్నవాడు కాస్తా గెలాడాతో పాటు పచ్చికలో కూర్చున్నాడు.

మరి అంత మందం పింగాణి ఎందుకు? మట్టి అంటిన తుంగ కాడల్ని రోజంతా నమిలితే పలచటి పింగాణి ఎన్నాళ్లు నిలుస్తుంది, మందం అరుగుదలకే అని కొందరు అంటారు. ఎప్పుడో అరుదుగా వచ్చే గడ్డు రోజుల కోసం అని కొందరు అంటారు. నాకు మొదటి జవాబే దగ్గరగా కనిపిస్తుంది. కానీ రెండో జవాబుని కొట్టిపారెయ్యడానికి లేదు. ఎందుకు లేదో యుగాండాలోని కిబాలె అడవి చెబుతుంది.

అక్కడ మాంగబే అనే కోతి, ఎర్రతోక కోతి ఒకే అడవిలో ఉంటాయి. మామూలు రోజుల్లో ఇద్దరి తిండీ ఇంచుమించు ఒకటే, మెత్తటి పండ్లు. కానీ మాంగబేకి పింగాణి మందం, ఎర్రతోకదానికి పలచన. తిండి ఒకటైనప్పుడు పన్ను వేరెందుకయింది? 1990లలో ఒక ఏడాది వానలు ముఖం చాటేసి పండ్లు కరువయ్యాయి. అప్పుడు మాంగబే గట్టి బెరడు వైపు, రాయిలాంటి గింజల వైపు తిరిగింది. ఎర్రతోకది తిరగలేదు, తిరగడం దానివల్ల కాదు కూడా, దాని పళ్లు అందుకు చాలవు. అక్కడ పరిశోధన చేసేవాళ్లు ఆ తిండి గట్టితనాన్ని పనిముట్టుతో కొలిచారు. పది మంచి ఏళ్లు ఆ అడవిని చూసినవాడికి మాంగబే పన్ను అర్థం కాదు. ఆ ఒక్క చెడ్డ ఏడాది చూసినవాడికి అర్థమవుతుంది.

అలాగని ప్రతి మందపాటి పింగాణికీ ఇదే కారణమనుకోకూడదు. ఐవరీ కోస్ట్‌లోని తాయ్ అడవిలో ఇంకో రకం మాంగబే ఏడాది పొడవునా నేల మీద రాలిన గట్టి టెంకల్ని దవడ పళ్ల మధ్య పెట్టి పగలగొడుతుంది. దానికి అది కరువు తిండి కాదు, నిత్యపు తిండి. పింగాణి మందం మాత్రం ఇద్దరికీ ఉంది. పన్ను ఒక్కటే చేతికొచ్చి, అడవి మాయమైపోయిన చోట ఇవి రెండూ ఎలా విడదీస్తాం?

విడదీయలేక దెబ్బతిన్న కథ మన దేశంలోనే ఉంది. 1932లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఎడ్వర్డ్ లూయిస్ హిమాచల్ ప్రదేశ్‌లోని హరితల్యాంగర్ దగ్గర పై దవడ ముక్క ఒకటి కనుక్కున్నాడు. రాముడి పేరు పెట్టి రామాపిథెకస్ అన్నాడు. 1960లలో దాని కీర్తి ఆకాశానికంటింది. పింగాణి మందం, కోర చిన్నది, అచ్చం మనిషిలాగే, కాబట్టి కోటి నలభై లక్షల ఏళ్ల నాటి మొదటి మానవ పూర్వీకుడు ఇతనే అన్నారు. మన పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కింది, చదువుకున్నవాళ్లు మీలోనూ ఉంటారు. ఆ తరవాత పాకిస్తాన్‌లోని పొట్వార్ పీఠభూమిలో శివాపిథెకస్ అనే దగ్గరి బంధువు మొహం చాలావరకు చెక్కుచెదరకుండా దొరికింది. 1982లో దాని వివరాలు బయటికొచ్చాయి. పక్కనుంచి చూస్తే అది ఒరాంగుటాన్ మొహం! రామాపిథెకస్ వేరే జాతే కాదు, శివాపిథెకస్‌లో కలిసిపోయింది. శివుడిలో రాముడు ఐక్యమయ్యాడన్నమాట. మరి ఆ చిన్న కోర సంగతి? అవి చాలావరకు ఆడవాటి దవడలు కావచ్చునని తేలింది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది అందుకే. మందమైన పింగాణి మనిషి సొత్తు కాదు, గట్టి తిండికి దిగిన ఏ వానరానికైనా రావచ్చు.

పంటి మీద ఆధారపడి తప్పులు జరిగినట్టే గొప్ప పనులూ జరిగాయి. 1935లో జర్మన్ శాస్త్రజ్ఞుడు రాల్ఫ్ ఫాన్ కోనిగ్స్‌వాల్డ్ హాంకాంగ్‌లోని చైనా మందుల దుకాణంలో డ్రాగన్ పళ్ల పేరుతో అమ్ముతున్న పాత పళ్లలో ఒక పెద్ద దవడ పన్ను చూశాడు. ఏ వానరానికీ లేనంత పెద్దది. ఆ ఆధారంతోనే జైగాంటోపిథెకస్ అని పేరుపెట్టాడు. తరవాత దక్షిణ చైనా గుహల్లో దాదాపు రెండు వేల పళ్లు, నాలుగు కింది దవడలు దొరికాయి. ఒంట్లో ఇంకే ఎముకా ఇంతవరకూ దొరకలేదు, కాబట్టి మనకి తెలిసిన జైగాంటోపిథెకస్ అంతా పళ్లే. 2019లో పింగాణిలో మిగిలిన ప్రొటీన్లు చదివి అది ఒరాంగుటాన్‌కి దూరపు చుట్టమని రుజువు చేశారు. 2024లో దాని అంతం కూడా పళ్లలోనే చదివారు. 2,95,000 నుంచి 2,15,000 ఏళ్ల మధ్య అది అంతరించింది. అడవి పలచబడి, రుతువుల తేడా పెరిగి, పండ్లు దొరకని నెలలు ఎక్కువయ్యాయి. ఆఖరి తరాల పళ్లలో తిండి రకాలు తగ్గిన గుర్తులు, ఒంటికి తగిలిన ఒత్తిడి గీతలు ఉన్నాయి. అప్పటికి అదే అడవిలో ఉన్న ఒరాంగుటాన్ తిండి మార్చుకుంది, అలవాట్లు మార్చుకుంది, నిలబడింది. అంత మందం పింగాణి ఉండి కూడా పెద్దది పోయింది. పన్ను అవకాశమిస్తుందే గానీ, దాన్ని వాడుకునే తెలివీ కదలికా జంతువుకి ఉండాలి.

మన సంగతి అడుగుతారేమో. మన కోరలు ఆడా మగా తేడా లేకుండా కుంచించుకుపోయాయి, పదును పెట్టుకునే ఏర్పాటు ఎప్పుడో పోయింది. దవడ పళ్లు గత ఇరవై లక్షల ఏళ్లుగా చిన్నవవుతూ వచ్చాయి, ఎందుకంటే కోయడం రాయి, వండడం నిప్పు నేర్చుకున్నాయి. దవడ మాత్రం నమిలే కొద్దీ పెరిగే ఎముక. చిన్నప్పటినుంచీ మెత్తటి అన్నం తింటే అది పూర్తిగా ఎదగదు, చివర్లో వచ్చే జ్ఞానదంతానికి చోటు చాలదు. దంతవైద్యుడి కుర్చీలో కూర్చున్నప్పుడు అది ఎవరి తప్పో అడక్కండి.

మళ్లీ మన కోతి దగ్గరికి వస్తే, రెండు రకాలున్నాయి మనకి. తల మీద వెంట్రుకలు నడుమ నుంచి చుట్టూ పాయలు పాయలుగా విచ్చుకున్నట్టుండేది దక్షిణాది కోతి. ఎర్రటి మొహం, వెనక భాగం కూడా ఎర్రగా ఉండేది ఉత్తరాది రీసస్ కోతి. తూర్పున రెంటి నడుమ గోదావరి సరిహద్దని పాత పుస్తకాల్లో ఉంటుంది. ఆ గీత ఇప్పుడు లేదు. రీసస్ గోదావరి దాటి, కృష్ణ దాటి దక్షిణానికి దిగుతోంది, అది దిగిన చోటల్లా దక్షిణాది కోతి వెనక్కి తగ్గుతోంది. 2011లో మన దేశపు పరిశోధకులే దీన్ని అచ్చువేసి హెచ్చరించారు. పళ్లలో ఈ రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మర్రిపండు, మొక్కజొన్న కంకి, టమోటా, ఆలయం ముందు విసిరిన అరటిపండు, లారీ మీది బెల్లం, ఏదైనా ఆ గుండ్రటి మొనల మధ్య నలుగుతుంది. కొండముచ్చు అడకత్తెరకి ఉన్న గొప్ప నేర్పు దానికి లేదు. దేనికీ ప్రత్యేకంగా తయారుకాని ఆ పళ్లతో కోతి నర్మద నుంచి తుంగభద్ర దాకా ఊళ్లన్నీ తిరుగుతోంది, రైతులు కంచెలు కడుతున్నారు, పంచాయతీలు కొండముచ్చు బొమ్మలతో ఫ్లెక్సీలు కట్టి చూస్తున్నాయి. మొదట్లో కొన్నాళ్లు జంకుతుంది. ఆ తరవాత ఫ్లెక్సీ మీదే కూర్చుని మొక్కజొన్న తింటుంది.